ఎండుగడ్డికి ఇంగ్లీషు మాట

క్రెయిగీబర్న్
5 సెప్టెంబరు 1999

చిరంజీవి ఎల్సాకు,

అమ్మమ్మ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. నిజానికి మీ నాన్నగారు క్షేమంగా లేరు. డిసెంబరు ఆఖరి రాత్రి ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ తాము పంతొమ్మిది వందల సంవత్సరంలోకి వచ్చామనుకుని మొరాయిస్తాయని, కరెంటు, నీళ్ళు, బ్యాంకులు ఆగిపోతాయని మూడేళ్ళుగా చెబుతున్నారు. అవి ఆగకుండా చూడటమే ఆయన ఉద్యోగం. అంటే ఆయన మీద ఆయనకే నమ్మకం లేదన్నమాట. గ్యారేజీలోంచి కారు బయటికి వెళ్ళిపోయింది. దాని స్థానంలో మంచినీళ్ళ క్యానులు, కందిపప్పు బస్తాలు, కొవ్వొత్తులు చేరాయి.

"ఇదంతా ఎవరు తింటారు రత్నరాజు బాబూ?" అన్నాను.

"రిస్క్ మేనేజ్‌మెంట్ అండీ అత్తయ్యగారూ, మీకు తెలీదు" అన్నారు.

గుంటూరులో గదినిండా ఆడపిల్లల చేత గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పట్టించినదాన్ని నేను. ఆ మాట పైకి అనలేదు. అల్లుడిగారింట్లో ఉన్నాను కదా, రోజుకొక మాట మింగుతాను. అరుగుదల బాగానే ఉంది.

అసలు సంగతికి వస్తాను. ఇవాళ ఆరాధన అయ్యాక సువార్తమ్మగారు "మీ ఎల్సా అంత ఉత్తరాన, డార్విన్‌లో ఏం చేస్తోందండీ?" అని అడిగారు. మీ అమ్మ "రీసెర్చ్" అంది. "దేంట్లో?" అంటే మీ అమ్మ సమోసాల పళ్ళెం వైపు చూసింది. చివరికి నేనే "గడ్డిలో" అన్నాను. ఆవిడ పాపం, ఇంకేమీ అడగలేదు.

మీ నాన్నగారు ఫిబ్రవరిలో మొదలయ్యే కంప్యూటర్ కోర్సులో నీ పేర సీటు పట్టి ఉంచారు. డిసెంబరు లోపల నీ పశువులు నీ మాట వినకపోతే నువ్వొచ్చి ఆ సీట్లో కూర్చోవాలని మీ ఇద్దరికీ ఒప్పందమట. నన్నెవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో తెలియాలంటే ముందు నువ్వు చేస్తున్నదేమిటో తెలియాలి. సిగ్గుపడకుండా వివరంగా రాయి. పద్నాలుగో ఏడు దాకా నా దగ్గర పెరిగావు, తెలుగు మర్చిపోయానని తప్పించుకోలేవు.

దీవెనలతో,
అమ్మమ్మ (అమృతం, రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్. మీ ఇంట్లో గుర్తు చెయ్యవలసి వస్తోంది.)


పశుక్షేత్రం, డార్విన్‌కి దక్షిణం
19 సెప్టెంబరు 1999

అమ్మమ్మా,

వందనాలు. మెయిల్ ట్రక్కు వారానికొకసారే వస్తుంది, అందుకే లేటు. ఫోన్ ఉంది కానీ ఆఫీసు మధ్యలో ఉంది. నేను తెలుగులో మాట్లాడితే అందరూ పని ఆపేసి వింటారు.

నా పని నీ ఒక్కదానికే చెప్పగలను. నాన్న అయితే "స్కోప్ ఏంటి?" అంటాడు. అమ్మ "అక్కడ తిండెలా?" అంటుంది.

ఇక్కడ డ్రై సీజన్‌లో చినుకు పడదు. గడ్డి నిలబడే ఎండిపోయి అట్టముక్క అయిపోతుంది. ఆవులు పొద్దస్తమానం నములుతూనే ఉంటాయి, రోజురోజుకీ చిక్కిపోతుంటాయి. బలం ఆ అట్టలోనే ఉంది, కానీ లిగ్నిన్ అనే తాళం వేసి ఉంది. ఆవు కడుపులోని సూక్ష్మజీవుల దగ్గర దాని తాళంచెవి లేదు. అమ్మోనియా తగిలిస్తే ఆ పట్టు వదులవుతుంది. అందుకని గడ్డి మీద అమ్మోనియా నీళ్ళు కొట్టి, ప్లాస్టిక్ పరదా కింద గాలి చొరకుండా మూసి, మూడు వారాలు మామిడికాయల్లా మాగబెట్టాలి. తరవాత అదే గడ్డి ఆవుకి అరుగుతుంది. ఇంతే నా రీసెర్చ్. నువ్వు క్లాసులో నవసాగరంలో సున్నం కలిపి మొదటి బెంచీవాళ్ళ ముక్కు దగ్గర పెట్టేదానివని చెప్పేదానివే, అదే అమ్మోనియా!

అరిగిందో లేదో ఎలా తెలుస్తుందంటావు. ఇక్కడ డచెస్ అనే ఆవుంది. దాని డొక్కలో ఆపరేషన్ చేసి రబ్బరు మూత పెట్టారు. మూత తీసి, గడ్డి నింపిన చిన్న నైలాన్ సంచులు కడుపులోకి వదిలి, రెండు రోజులయ్యాక లాగి తూకం వేస్తాం. ఎంత తగ్గితే అంత అరిగినట్టు. నేను మోచేతి దాకా దాని కడుపులో ఉంటే అది నెమరేస్తూ నా టోపీ వాసన చూస్తుంటుంది.

డిసెంబరు పదిహేనున నా రీసెర్చ్ గైడు డాక్టర్ హెలెన్, ప్రాజెక్టుకి డబ్బిచ్చే కమిటీవాళ్ళు డార్విన్ నుంచి వస్తారు. నచ్చితే నాకు ఇంకో రెండేళ్ళు. లేకపోతే ప్రాజెక్టు మూసేస్తారు, నేను నాన్న పట్టిన సీట్లో కూర్చుంటాను. అమ్మమ్మా, నాకిక్కడ బాగుంది. ఎందుకో చెప్పమంటే రాదు, కానీ పొద్దున్నే లేవాలనిపిస్తుంది.

పనిలో నాకు తోడు బ్లూయీ. ఎర్రజుట్టు ఉన్నవాళ్ళని ఇక్కడ బ్లూయీ అంటారు, ఎందుకని అడక్కు. గడ్డి కావాలని నేనే రేడియోలో పక్క స్టేషన్‌కి (ఇక్కడ పశుక్షేత్రాన్ని స్టేషన్ అంటారు) చెప్పాను, "సోర్గమ్ హే" అని. మన జొన్నదే. ఎంత మంచి గడ్డి పంపారో! ఇంకా ఆకుపచ్చగా ఉంది, కొరికితే చెరుకులా ఉంది. బ్లూయీ టోపీ వెనక్కి నెట్టి "యూ ష్యూర్ అబౌట్ దిస్, లవ్?" అన్నాడు. "ష్యూర్" అన్నాను. కెమిస్ట్రీ డిగ్రీ ఉన్నదాన్ని కదా.

నీ
ఎల్సా


(మొసలి బొమ్మ ఉన్న కార్డు)
3 అక్టోబరు 1999

అమ్మమ్మా, నిన్న పొద్దుటి నుంచి చీకటి పడేదాకా బ్లూయీ, నేనూ మందు కొడుతూనే ఉన్నాం. డ్రమ్ములు డ్రమ్ములు ఖాళీ చేశాం. ఇవాళ కళ్ళు చింతనిప్పులు, తల దిమ్ము. ఆరాధనకి కూడా పోలేకపోయాను. ఐనా ఇంత హ్యాపీగా ఎప్పుడూ లేను. అమ్మకి కూడా చెప్పు. ఎల్సా.


క్రెయిగీబర్న్
12 అక్టోబరు 1999

ఎల్సమ్మా,

నీ కార్డు మీద మొసలి బాగుంది. వెనక రాసింది మాత్రం నాకంటే ముందు మీ అమ్మ చదివింది. నేను స్నానానికి వెళ్ళాను. బయటికి వచ్చేసరికి మీ అమ్మ సోఫాలో కళ్ళొత్తుకుంటోంది, మీ నాన్నగారు పాస్టరుగారితో ఫోనులో గుసగుసలాడుతున్నారు. ఏమిటని అడిగితే "ఏం లేదండీ అత్తయ్యగారూ, వర్క్ మేటర్" అన్నారు. ముసలిదాన్ని, వింటే గుండె ఆగుతుందని భయమట.

శుక్రవారం ప్రార్థన కూడికలో తెలిసింది. పాస్టరుగారు కళ్ళు మూసుకుని, "ఉత్తర దిక్కున మద్యపానపు బంధకాలలో చిక్కుకున్న మా సహోదరి ఎల్సాను విడిపించు తండ్రీ! నీలము అనబడే ఆ మనుష్యుని సహవాసములోనుండి తప్పించు తండ్రీ!" అని ఎత్తుకున్నారు. హాలంతా "ఆమేన్" అంది. సువార్తమ్మగారు ఏడ్చారు కూడా. సిడ్నీలో ఉన్న వాళ్ళ మేనల్లుడికి నిన్ను అడుగుదామనుకుంటున్నారట. ఆ ఏడుపులో కాస్త ఊరట వినిపించింది నాకు.

ప్రార్థన మధ్యలో కళ్ళు తెరవకూడదు. తెరిచాను. "అయ్యా, అది సీసాలో మందు కాదు, గడ్డికి కొట్టే మందు" అన్నాను.

"గడ్డి చచ్చే మందా అమ్మా?" అన్నాడు వెనక వరసలోంచి ఒకాయన.

"కాదు నాయనా. గడ్డి ఆవుకు అరిగే మందు."

"అయ్యో, ఆవుకి మందు పెడుతోందా!" అన్నారు సువార్తమ్మగారు. ఆవిడ దృష్టిలో మందు పెట్టడమంటే వశీకరణం.

చూశావా? జబ్బు కుదిర్చేది, పురుగును చంపేది, మొగుణ్ణి కొంగున కట్టుకునేది, సారా కొట్లో అమ్మేది, అన్నిటికీ మనకు ఒకటే మాట. ఇంత పొదుపైన భాష ఇంకోటి ఉండదు. మీ అమ్మ ఇప్పుడు నమ్మింది. మీ నాన్నగారు సగం నమ్మారు. పాస్టరుగారు మాత్రం చేసిన ప్రార్థనను వెనక్కి తీసుకునే పద్ధతి లేదన్నారు. కనుక నీకు తాగుడు నుంచి విడుదల వచ్చేసినట్టే, నిశ్చింతగా ఉండు.

ఒక సంగతి. ఆ ఎర్రజుట్టు నీలం నిన్ను "లవ్" అనడం ఏమిటి? వయసెంత? ఏ చర్చి?

అమ్మమ్మ


పశుక్షేత్రం
25 అక్టోబరు 1999

అమ్మమ్మా,

నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. బ్లూయీకి చెబితే అతనికి తెలిసింది, కంచె పట్టుకుని నవ్వాడు. తన కోసం అంతమంది ప్రార్థన చెయ్యడం ఇదే మొదటిసారట, థాంక్స్ చెప్పమన్నాడు. అతనికి అరవై దాటాయి, మనవలున్నారు. అందరినీ లవ్ అంటాడు. డచెస్‌ని అంటాడు, మెయిల్ ట్రక్కు నడిపే మీసాలాయన్ని కూడా అంటాడు. ఇక చర్చి అంటావా, ఫుట్‌బాల్.

అసలు సంగతి విను. శనివారం పరదా విప్పాం! మొదట ముక్కు పగిలే అమ్మోనియా ఘాటు. అందరం దూరంగా పారిపోయాం. గాలికి అది పోయాక దగ్గరికెళ్తే గడ్డి మొత్తం కాఫీపొడి రంగు. వాసన ఏంటో తెలుసా? క్రిస్మస్‌కి మనింట్లో అరిసెల పాకం పట్టినప్పటి వాసన! అచ్చం అదే. ఆవులు ఎగబడి తిన్నాయి. పాలిచ్చే తల్లులకి ముందు పెడుతున్నాం, వాటికే బలం కావాలి కదా. బ్లూయీ తొట్టిలో ఒక్క పరక కూడా మిగల్లేదని చూపించాడు.

నాన్నకి ఇప్పుడే చెప్పేద్దామా? వద్దులే, కమిటీ అయ్యాక చెబుదాం. కానీ ఆ సీటు ఇంకెవరికైనా పనికొస్తుందేమో చూడమను.

గాల్లో తేలుతున్న
ఎల్సా


క్రెయిగీబర్న్
2 నవంబరు 1999

ఎల్సమ్మా,

ఇవాళ ఇక్కడ సెలవు. దేనికనుకున్నావు? గుర్రప్పందేనికి. ఆడవాళ్ళు తలమీద పూలకుండీల్లాంటి టోపీలు పెట్టుకుని రైలెక్కారు. టీ తాగేలోపు పందెం అయిపోయింది. మీ నాన్నగారు కూడా టీవీ ముందు కుర్చీ అంచున కూర్చుని "కమాన్, కమాన్" అన్నారు.

"గుర్రాల కోసం ఊరికి ఊరే సెలవు పెట్టే చోట, ఆవుల కోసం ఒక పిల్ల పనిచేస్తే నామోషీ ఏమిటి బాబూ?" అన్నాను.

"అది ఈవెంట్ అండీ అత్తయ్యగారూ. ఇది కెరీర్" అన్నారు. రెండూ ఇంగ్లీషు మాటలు కాబట్టి తేడా ఉండే ఉంటుంది.

ఒక్కటి మాత్రం నన్ను కుడుతోంది. అరిసెల పాకం వాసన అన్నావు. పాకం వాసన రావాలంటే బెల్లం ఉండాలి. గింజ రాలిపోయిన జొన్న కర్రలో బెల్లం ఎక్కడిది? దానిలో మిగిలేది నార. చక్కెర, అమ్మోనియా, వేడి ఒకచోట కలిస్తే గోధుమరంగు వస్తుంది, నిజమే. కానీ రంగుతో పాటు ఇంకా ఏవేవో పుడతాయి. వాటిలో కొన్ని మర్యాదస్థులు కావు. ఆ గడ్డి ఎలాంటిదో నాకు సరిగ్గా రాయి. అంతదాకా పెట్టడం ఆపితే బాగుంటుందని నా ఉద్దేశం. డిగ్రీ ఉన్నదానివి, నీ ఇష్టం.

అమ్మమ్మ


పశుక్షేత్రం
4 నవంబరు 1999

అమ్మమ్మా,

నీ ఉత్తరం ఇంకా రాలేదు, ఐనా రాస్తున్నాను. అంతా అయిపోయింది.

ఆవులకి పిచ్చెక్కింది. నిజంగా. మొన్న మధ్యాహ్నం దాకా బాగానే ఉన్నాయి. ఉన్నట్టుండి ఒకటి చెవులు టకటకా కొట్టుకుంటూ గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. దాన్ని చూసి ఇంకోటి. తరవాత మంద మొత్తం దుమ్ము లేపుకుంటూ అటొక పరుగు, ఇటొక పరుగు, ఎవరు తరుముతున్నారో తెలీదు. ఒకటి కంచె దూకి మేనేజర్ గారి పెరట్లోకి పోయి, బట్టల తీగ మెడకి చుట్టుకుని, ఆయన పైజమాలతో సహా తిరిగొచ్చింది. ఆయన ఏమన్నారో తెలుగులో రాయలేను. గడ్డి ముట్టని దూడలు కూడా తోకలెత్తి గెంతుతున్నాయి. "దే హావ్ గాన్ బాంకర్స్, లవ్" అన్నాడు బ్లూయీ, పిచ్చెక్కిందని. మొదటిసారి అతను నవ్వలేదు.

గడ్డి పెట్టడం ఆపేశాం. దెబ్బలు పెద్దగా తగల్లేదు, ఒక్కటి కుంటుతోంది. దాని దగ్గరే కూర్చుని రాస్తున్నాను. అది నన్ను చూసి వణుకుతోంది అమ్మమ్మా. నేను పెట్టిన దాన్ని నమ్మి తింది.

నా వల్ల కాదు. నాన్నకి చెప్పేసెయ్, ఫిబ్రవరికి వస్తానని. కంప్యూటర్‌కి ఏమైనా అయితే స్విచ్ ఆపొచ్చు.

ఎల్సా


క్రెయిగీబర్న్
11 నవంబరు 1999

ఎల్సా,

మీ నాన్నగారికి చెప్పలేదు. నువ్వు చెప్పమన్నది ముందు నాకు అరగాలి.

నా ఉత్తరం, నీ ఉత్తరం ఎడారిలో ఎక్కడో ఒకదాన్నొకటి పలకరించుకోకుండా దాటిపోయాయి. నాది ఈపాటికి నీకు చేరి ఉండాలి. చేరితే మళ్ళీ చదువు. ఇప్పుడు రెండు ప్రశ్నలు. దూడలు గడ్డి ముట్టలేదన్నావు. తల్లుల పాలు తాగాయా? తాగితే తల్లికి పట్టింది పాలలోంచి పిల్లకు వచ్చిందన్నమాట. రెండోది ముఖ్యం. నువ్వు రేడియోలో ఏమని అడిగావు?

నీ సెప్టెంబరు ఉత్తరం తీసి చూశాను. "సోర్గమ్ హే" అని రాశావు. మీ నాన్నగారి నిఘంటువు దుమ్ము దులిపాను. ఇంగ్లీషువాడికి హే అంటే గింజ పట్టకముందే, రసం మీద ఉండగా కోసి ఆరబెట్టిన మేలైన మేత. గింజ రాలగొట్టాక మిగిలే ఉత్త కర్రను స్ట్రా అంటాడు. మనమో? పచ్చిగా ఉంటే పచ్చిగడ్డి, ఎండితే ఎండుగడ్డి. లోపల తీపి ఉందా, నార ఉందా మాటలో చెప్పం. చేత్తో పట్టుకుని చూస్తాం. జొన్న వరకు చొప్ప అని మనకూ మంచి మాటే ఉంది గానీ, గుంటూరు బ్రాడీపేటలో పెరిగినదానివి, నీ చెవిన పడి ఉండదు. నీ బుర్రలో ఎండుగడ్డి అనుకున్నావు, నోటితో హే అన్నావు. వాళ్ళు పాపం చెరుకులాంటి మేత పంపారు. నువ్వు దానికి అమ్మోనియా పట్టించి, అంత ఎండలో, పరదా కింద అరిసెల పాకం పట్టావు.

నీ కెమిస్ట్రీలో తప్పు లేదు తల్లీ. తప్పు తెలుగులో జరిగింది. ఇంగ్లీషు రాక తప్పులు చేసినవాళ్ళను బోలెడుమందిని చూశాను. తెలుగు వచ్చినందుకు తప్పు చేసినదానివి నువ్వొక్కదానివే.

ఇదంతా నా ఊహ. నేను పశువుల డాక్టర్ని కాను. హెలెన్‌గారిని అడుగు. అడగడమే కాదు, ఏం జరిగిందో పూర్తిగా చెప్పు. నువ్వు ముందు చెబితే అది ఫలితం. వాళ్ళు తరవాత కనిపెడితే నేరం.

కుంటే ఆవుకు నా తరపున ఒకసారి గంగడోలు నిమురు. అదెక్కడుంటుందో తెలుసు కదా? మెడ కింద. ఇంగ్లీషులో అడక్కు.

అమ్మమ్మ


పశుక్షేత్రం
21 నవంబరు 1999

అమ్మమ్మా,

నీ రెండు ఉత్తరాలూ ఒకే ట్రక్కులో వచ్చాయి. వాటిని విప్పుతుండగానే ఆఫీసులోంచి కేక, డాక్టర్ హెలెన్ ఫోన్‌లో ఉన్నారని. ఆవిడ మొదటి ప్రశ్న, "వాట్ ఎగ్జాక్ట్‌లీ డిడ్ యూ ట్రీట్, ఎల్సా?" నీ ఉత్తరం చేతిలో పట్టుకునే అంతా చెప్పాను, ఎండుగడ్డి దగ్గర్నుంచి.  అవతల నుంచి ఒక విచిత్రమైన శబ్దం. ఏడుస్తున్నారనుకున్నాను. నవ్వుతున్నారు!

ఇది పాత జబ్బేనట. తీపి ఉన్న మంచి మేతకి అమ్మోనియా పట్టిస్తే పశువులకి ఇలా పిచ్చి పరుగులు వస్తాయని, పాల ద్వారా దూడలకీ పోతుందని రీసెర్చ్ పేపర్లలో ఉంది. సిగ్గుచేటు ఏంటంటే, ఆ పేపర్ నేను చదివాను అమ్మమ్మా. "హే" అని ఉన్న ప్రతిచోటా ఎండుగడ్డి అనుకుని చదివాను. మన ఎండుగడ్డికి ఇలా అవుతుందా, ఎంత ఘోరం అనుకుని, ఎందుకో అది వేరే దేశం సంగతని పేజీ తిప్పేశాను.

ఆవులు బాగున్నాయి. మేత మార్చగానే కుదుటపడ్డాయి. కుంటే ఆవు నిన్న నా చేతిలోంచి తింది. నేను చాటుగా ఏడ్చాను.

బ్లూయీకి చెబితే "ఐ డిడ్ ఆస్క్, లవ్" అన్నాడు.  ట్రక్కు వేసుకుని పోయి అసలైన చొప్ప తెచ్చాడు. కొరికితే చీపురుపుల్లే. ఇంత పనికిరాని గడ్డిని చూసి ఇంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు.

కానీ టైం లేదు. మూడు వారాలు మాగబెట్టి, ఆవులకి పెట్టి, బరువు చూపించడానికి కమిటీ ఆగదు. ఒక్కటే ఊరట, ఎండ. పరదా మీద చెయ్యి పెట్టలేం. ఈ వేడికి వారంలోనే మాగుతుందని డాక్టర్ హెలెన్ అన్నారు. బరువులు చూపించలేను, డచెస్ కడుపులో సంచులే చూపించగలను. అవి చాలకపోతే వచ్చేస్తాను. ఈసారి విసుగుతో కాదు, మాట ఇచ్చాను కాబట్టి.

ఎల్సా


పశుక్షేత్రం
16 డిసెంబరు 1999

అమ్మమ్మా,

నిన్న కమిటీ వచ్చింది. వాళ్ళతో పాటే మొదటి వాన కూడా. రేకుల షెడ్డు మీద వాన మోతకి ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. నేను కేకలేస్తూ రిపోర్టు చదివాను. మొదటి వాక్యమే "నేను హే అడిగాను, నాకు కావలసింది స్ట్రా" అని. అందులో ఒకాయన, కొత్త తెల్ల చొక్కా, "సో యూ మేడ్ ద కౌస్ మ్యాడ్?" అన్నాడు. "యెస్" అన్నాను. ఇంకేం చెప్పను?

తరవాత డచెస్ దగ్గరికి తీసుకెళ్ళాను. మూత తీసి సంచులు లాగుతుంటే డచెస్ దగ్గింది. తెల్ల చొక్కా ఇక తెల్లది కాదు. బ్లూయీ "షీ లైక్స్ యూ, లవ్" అన్నాడు ఆయనతో! సంచులు కడిగాం, ఆరబెట్టాం, తూచాం. మందు కొట్టని చొప్ప సగానికి పైగా సంచిలో అలాగే ఉంది. మందు కొట్టింది పట్టుకుంటే గుప్పెట్లో దాదాపు ఏమీ లేదు. ఆ చొక్కాయన సంచి తిరగేసి, దులిపి, మళ్ళీ చూశాడు. ఆ గుప్పెడు లేకపోవడమే నా పని అమ్మమ్మా.

రెండేళ్ళు ఇచ్చారు. పిచ్చెక్కిన ఆవుల సంగతి కూడా పేపర్‌గా రాయమన్నారు, ఇంకో తెలుగు పిల్ల ఎవరైనా చదువుకోవడానికి అని డాక్టర్ హెలెన్ జోకేశారు.

నాన్నకి చెప్పాలి. నువ్వు చెప్పవా? ప్లీజ్. నువ్వు చెబితే ఆయన వాదించడు.

ఎల్సా


క్రెయిగీబర్న్
22 డిసెంబరు 1999

ఎల్సమ్మా,

ఉత్తరం రెండుసార్లు చదివాను, ఒకసారి కళ్ళజోడు తుడుచుకుని.

నేను చెప్పను. కమిటీ ముందు చెప్పినదానివి, కన్నతండ్రికి చెప్పలేవా? ఆయన వాదించరని కాదు, నాతో వాదించలేరు కాబట్టి లోపల పెట్టుకుంటారు. లోపల పెట్టుకున్నది అరగదు. నీకు తెలియని శాస్త్రమా? ఆఫీసులో అందరూ విన్నా సరే, ఫోన్ చెయ్యి. తెలుగులోనే చెయ్యి.

క్రిస్మస్ దీవెనలు.
అమ్మమ్మ


క్రెయిగీబర్న్
5 జనవరి 2000

ఎల్సమ్మా,

కొత్త సంవత్సరం వచ్చింది, కరెంటు పోలేదు. కొళాయిలో నీళ్ళు వస్తున్నాయి. బ్యాంకు యంత్రం అడగ్గానే డబ్బు ఇచ్చింది. మీ నాన్నగారు ఒకటో తేదీ పొద్దున్నుంచి ఇల్లంతా తిరుగుతూ ఒక్కొక్క స్విచ్చీ వేసి చూశారు. అన్నీ వెలిగాయి. ఆయన ముఖం ఒక్కటే వెలగలేదు.

నీ ఫోను ఆ మధ్యాహ్నమే వచ్చింది. మీరేం మాట్లాడుకున్నారో నేను వినలేదు, వంటింట్లోకి వెళ్ళి చెవి ఇటే పెట్టాను. ఆయన "ఊఁ", "ఊఁ" అంటూనే ఉన్నారు. ఫోను పెట్టేశాక గ్యారేజీలోకి వెళ్ళి ఆ నీళ్ళ క్యానుల మధ్య కూర్చున్నారు. కాసేపాగి టీ పట్టుకెళ్ళాను.

"కోపం వచ్చిందా బాబూ?" అన్నాను.

"లేదండీ. మా టీమ్‌ని మార్చితో తీసేస్తున్నారు, ప్రాబ్లమ్ లేదు కదా ఇంక" అన్నారు. టీ చల్లారిపోతున్నా తాగలేదు. "మూడేళ్ళు రాత్రీ పగలూ పనిచేశానండీ అత్తయ్యగారూ, ఏమీ జరక్కుండా ఉండాలని. ఏమీ జరగలేదు. ఇప్పుడందరూ అసలు ప్రాబ్లమే లేదంటున్నారు. చూపించడానికి నా చేతిలో ఏముంది?"

నువ్వు రాసిన గుప్పెడు సంగతి చదివి వినిపించాను. మందు కొట్టిన గడ్డి సంచిలో ఏమీ మిగలకపోవడమే నీ పని అని. ఆయన ఆ కాగితం తీసుకుని స్వయంగా చదువుకున్నారు. కాసేపటికి, "దీనికి నా పోలికే వచ్చిందండీ" అన్నారు. ఎల్సా, నీ పుట్టుక నుంచి అందరూ నీకు నా పోలిక అంటున్నారు. ఆ వాదన నేను ఆ రోజుకు వదులుకున్నాను. ఇంకోమాట కూడా మింగాను, అల్లుడిగారికి టీమ్ పోతే ఏం, గ్యారేజీలో ఏడాదికి సరిపడా పప్పుంది అని.

నిన్న ఆయనే కోర్సువాళ్ళకి ఫోను చేసి, అమ్మాయి రావడం లేదు, దానికి ఉద్యోగం వచ్చింది అన్నారు. ఏ ఉద్యోగమని వాళ్ళు అడిగినట్టున్నారు. మా అల్లుడుగారు ఒకసారి నా వైపు చూసి, గొంతు సవరించుకుని, "క్యాటిల్ న్యూట్రిషన్, రీసెర్చ్ సైంటిస్ట్" అన్నారు. సమోసాల పళ్ళెం కోసం వెతుక్కోలేదు.

అమ్మమ్మ


క్రెయిగీబర్న్
8 ఫిబ్రవరి 2000

ఎల్సమ్మా,

వానలు తగ్గాయా? డచెస్ ఎలా ఉంది? మీ నాన్నగారు ఇంకో చోట పని వెతుక్కుంటున్నారు, దొరికేలాగే ఉంది. ఏప్రిల్‌లో నీ దగ్గరికి వస్తానంటున్నారు. ఆవు కడుపులోకి చెయ్యి పెట్టనిస్తావా అని అడగమన్నారు. నువ్వు ఊఁ అంటే చొక్కా ఏది వేసుకోవాలో కూడా చెప్పు.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. ఆ కంప్యూటర్ కోర్సువాళ్ళు కట్టిన ఫీజు తిరిగివ్వరట, కావాలంటే కుటుంబంలో ఇంకెవరైనా రావచ్చన్నారట. మీ అమ్మ తల అడ్డంగా ఊపింది. మీ నాన్నగారికి అందులో నేర్చుకోవలసింది లేదు. ఇంట్లో ఇంకెవరున్నారని ఇద్దరూ ఆలోచిస్తూ కూర్చున్నారు. చాలాసేపు ఆలోచించారు. నేను ఎదురుగానే ఉన్నాను.

నిన్న మొదటి క్లాసు. చుట్టూ నీ వయసు పిల్లలు. ముందు బెంచీ ఖాళీగా ఉంది, వెళ్ళి కూర్చున్నాను. పంతులుకి ముప్పై ఏళ్ళుండవు. పేర్లు మార్చడం ఇంకా అయినట్టు లేదు. జాబితా చూసుకుంటూ "ఎల్సా?" అన్నాడు.

"ప్రెజెంట్" అన్నాను.

దీవెనలతో,
అమృతం